ఇంజిన్ ఆపి క్యాబిన్‌లో ఏసీ నడపడం ఎలా? బ్యాటరీ, వైరు, ఫ్యూజు లెక్కలు

మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో నిలబడిన లారీకి తన వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. అలిపిరి దగ్గర యాత్రికుల్ని దించిన టెంపో ట్రావెలర్ డ్రైవరు పరిస్థితీ అదే. వాళ్లు దర్శనం చేసుకుని దిగేలోపు అతను కన్ను మూయాలి, తర్వాత రాత్రంతా బండి నడపాలి. మే, జూన్‌ నెలల్లో ఎండలో నిలిపిన క్యాబిన్‌లో ఆ నిద్ర పట్టదు. ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుంటే లారీ గంటకు లీటరున్నర నుంచి మూడు లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం పొగ. వరుసలో ఆనుకుని నిలిచిన బళ్ల మధ్య కార్బన్ మోనాక్సైడ్ క్యాబిన్‌లోకి చేరితే వాసన రాదు, నిద్రలో ఉన్నవాడికి మెలకువా రాదు. ఇంజిన్ నడుస్తుండగా క్యాబిన్ మూసుకుని ఎప్పుడూ నిద్రపోకండి.

బండితో వచ్చిన ఏసీని ఇంజిన్ ఆపి నడపొచ్చా అని చాలామంది అడుగుతారు. కుదరదు. దాని కంప్రెసర్‌ను తిప్పేది ఇంజిన్ బెల్టే. ఇంజిన్ ఆగితే బ్లోయర్ గాలి మాత్రమే వస్తుంది, చల్లదనం రాదు. 2025 అక్టోబర్ 1 నుంచి తయారవుతున్న 3.5 టన్నులు దాటిన సరుకు వాహనాలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కానీ, అదీ బండి నడిచేటప్పుడు పనికొచ్చేదే. నిలిపిన బండికి కావాల్సింది పార్కింగ్ ఏసీ. అందులో 24 లేదా 12 వోల్టుల డీసీ కరెంటుతో తిరిగే కంప్రెసర్ ఉంటుంది.

ఇంటి స్ప్లిట్ ఏసీని ఇన్వర్టర్ పెట్టి లారీలో నడిపేవాళ్లూ ఉన్నారు. డీసీని ఏసీ కరెంటుగా మార్చడంలోనే పదో వంతుకు పైగా పోతుంది. ఇంటి ఏసీ రాగి పైపులు గుంతల రోడ్డు అదురుకు ఫ్లేర్ నట్ల దగ్గర పగిలి గ్యాస్ కారుతుంది. ఒకచోటే నిలబడి, 230 వోల్టుల కనెక్షన్ దొరికే మెడికల్ వ్యాన్ లాంటి వాటికైతే అది సరే. తిరిగే బండికి వద్దు.

ఏసీ యూనిట్‌ను చివర్లో కొనండి. ముందు క్యాబిన్‌లోకి వచ్చే వేడిని తగ్గించాలి, తర్వాత బ్యాటరీ లెక్క, దాన్ని నింపే దారి, వైరింగ్. ఈ క్రమం తప్పి, ముందే ఏసీ కొని పాత బ్యాటరీకి తగిలించిన బళ్లే తెల్లారి సెల్ఫ్ తీసుకోక తోయించుకుంటాయి.

మొదటి పని: వేడిని బయటే ఆపడం

మధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు 800 నుంచి 1000 వాట్ల వేడిని మోసుకొస్తుంది. లారీ ముందద్దం రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అంటే అద్దం ఒక్కటే ఏసీ తీయగలిగే వేడిలో పెద్ద భాగాన్ని లోపలికి పంపగలదు. బండి నిలిపాక ముందద్దానికి, పక్కద్దాలకు వెండి రంగు రిఫ్లెక్టివ్ షేడ్లు పెట్టండి. ముందద్దానికి బయటి వైపు కట్టగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే వేడి అద్దం దాటి లోపలికి రాకముందే వెనక్కి పోతుంది. బండి కదిలే ముందు అన్నీ తీసేయాలి. నల్ల ఫిల్మ్ అంటించే ఆలోచన వద్దు. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూలు. అద్దాలపై ఫిల్మ్ అంటించడంపై 2012లోనే సుప్రీంకోర్టు ఆంక్ష పెట్టింది.

తర్వాత పైకప్పు. లోపలి లైనింగ్ విప్పి, రేకుకు ఆనించి 10 నుంచి 13 మి.మీ. మందం నైట్రైల్ ఫోమ్ షీటు అంటించండి, ఒక వైపు ఫాయిల్ ఉన్నది తీసుకోండి. థర్మోకోల్ పెడితే అదురుకు పొడి అవుతుంది, నిప్పంటుకుంటే త్వరగా కాలుతుంది. ఇంజిన్ సీట్ల మధ్యలోకి వచ్చే క్యాబిన్ అయితే ఇంజిన్ మూతపై వేడిని తట్టుకునే ఫెల్టు వేయాలి. బండి ఆపాక కూడా ఇంజిన్ గంటకు పైగా వేడి చిమ్ముతూనే ఉంటుంది. గేర్ రాడ్ బూటు చిరిగితే మార్చండి, పెడళ్ల కింద, వైర్లు దూరే చోట ఉన్న సందులను రబ్బరు గ్రోమెట్లతో మూయండి. ఈ పనులన్నీ ఒక పూటలో అయిపోతాయి. వీటికి పెట్టే డబ్బు బ్యాటరీలో పెట్టే డబ్బుతో పోలిస్తే చాలా తక్కువ, కానీ బ్యాటరీ మీద పడే భారం మాత్రం బాగా తగ్గుతుంది.

రెండో పని: ఎన్ని గంటలు కావాలో లెక్క వేయడం

24 వోల్టుల పార్కింగ్ ఏసీ ప్లేటు మీద సాధారణంగా 700 నుంచి 900 వాట్లు అని ఉంటుంది. అది పూర్తి వేగంలో లాగే కరెంటు. క్యాబిన్ చల్లబడ్డాక కంప్రెసర్ వేగం తగ్గి, రాత్రిపూట సగటు 350, 400 వాట్ల దగ్గర నిలబడుతుంది. మధ్యాహ్నం ఎండలో మాత్రం 600 కింద దిగదు.

రాత్రి 8 గంటల నిద్రకు 8 × 400 = 3200 వాట్ అవర్లు. ఇదే మన లెక్కకు పునాది.

25.6 వోల్టుల 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 25.6 × 200 = 5120 వాట్ అవర్లు ఉంటాయి. ఎక్కువ ఏళ్లు మన్నాలంటే అందులో 80 శాతమే వాడాలి, అంటే సుమారు 4100. దాంతో ఎనిమిది గంటలు నిశ్చింతగా నడుస్తుంది, ఇంకో రెండు గంటలు మిగులుతుంది. 150 ఆంపియర్ అవర్లది తీసుకుంటే 3070 వస్తుంది. చిత్తూరు పల్లపు ప్రాంతపు మే నెల రాత్రికి అది కొంచెం చాలదు. పలమనేరు, మదనపల్లె వైపు రాత్రులు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ సరిపోతుంది.

లెడ్ యాసిడ్ బ్యాటరీతో సరిపెట్టుకోవచ్చా? 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్లవి రెండు సిరీస్‌లో కలిపితే కాగితం మీద 3600 వాట్ అవర్లు. సగం కంటే ఎక్కువ దించితే ప్లేట్లు పాడవుతాయి, అంటే 1800 మిగిలింది. గంటల తరబడి 20, 30 ఆంపియర్లు లాగితే అది కూడా పూర్తిగా రాదు. నాలుగు గంటల ఏసీకి వంద కిలోల బరువు మోయాలి. ఇళ్లలో ఇన్వర్టర్లకు పెట్టే పొడవాటి ట్యూబులర్ బ్యాటరీలు అదురుకు నిలబడేలా చేసినవి కావు. బండిలో పెడితే లోపలి ప్లేట్లు కదిలి ముందే చచ్చిపోతాయి.

టెంపో ట్రావెలర్, చిన్న వ్యాన్లు 12 వోల్టులవి. అదే ఏసీకి కరెంటు రెట్టింపు లాగుతుంది, దాంతో వైరూ ఫ్యూజూ లావవుతాయి. అలిపిరి దగ్గర ఎండ తగ్గాక ఐదు గంటల నిద్ర చాలనుకుంటే 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ సరిపోతుంది: 2560లో 80 శాతం, దాదాపు 2050. మధ్యాహ్నం ఎండలోనైతే అది మూడు గంటలకు కాస్త పైనే వస్తుంది. కొండ మీద నిలిపే బండికి మాత్రం ఇదంతా అక్కర్లేదు. తిరుమల తిరుపతి కంటే చాలా ఎత్తులో ఉంది, రాత్రిళ్లు 12 వోల్టుల ఫ్యాను చాలు.

బ్యాటరీ కొనేటప్పుడు బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూటు) ఎన్ని ఆంపియర్లదో అడగండి. 24 వోల్టులకు ఆగకుండా 100 ఆంపియర్లు, 12 వోల్టులకు 150 ఆంపియర్లు ఇవ్వగలగాలి. ఆంపియర్ అవర్లు చూసి మురిసిపోయి బీఎంఎస్ సంగతి మరిచిపోతే, కంప్రెసర్ వేగం అందుకున్నప్పుడల్లా బ్యాటరీ కట్ అవుతుంది.

మూడో పని: బ్యాటరీని నింపే దారి

ఇక్కడే ఎక్కువ బళ్లు పాడవుతాయి. కొత్త లిథియం బ్యాటరీని పాత స్టార్టింగ్ బ్యాటరీకి నేరుగా వైరు కట్టి కలిపేస్తారు. లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం చాలా తక్కువ కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ ఇవ్వగలిగినంతా లాగేస్తుంది. మెకానిక్‌లు డైనమో అనే ఆ ఆల్టర్నేటర్ అంత కరెంటు గంటల తరబడి ఇచ్చేలా తయారైంది కాదు. డయోడ్లు కాలిపోతాయి, ఒక్కోసారి వైండింగే మాడిపోతుంది. పైగా నిలిపినప్పుడు ఏసీ రెండు బ్యాటరీలనూ కలిపి ఖాళీ చేస్తుంది, పొద్దున సెల్ఫ్ తిరగదు.

రెండు బ్యాటరీల మధ్య డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టండి, ఒకదాని నుంచి రెండోదానికి కరెంటును అదుపులో పంపేది ఇదే. 24 వోల్టుల లారీకి 24 నుంచి 24కు, 30 ఆంపియర్లది చాలు. కొత్త బీఎస్ 6 బళ్లలో కొన్నిటికి కంప్యూటరే ఆల్టర్నేటర్ వోల్టేజిని తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. అలాంటి చోట కూడా ఇది బ్యాటరీకి కావాల్సిన వోల్టేజిని నిలకడగా ఇస్తుంది. ఆల్టర్నేటర్ ప్లేటు చదివి, అందులో రాసిన ఆంపియర్లలో సగానికి మించి ఛార్జర్‌కు ఇవ్వకండి. 80 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు 30 ఆంపియర్ల ఛార్జర్ సరే. పాత 45 ఆంపియర్లదైతే 15తో సరిపెట్టుకోండి.

30 ఆంపియర్లు × 27 వోల్టులు అంటే సుమారు 800 వాట్లు. రాత్రి వాడిన 3200 తిరిగి నిండడానికి నాలుగు గంటలు, నష్టాలు కలిపితే నాలుగున్నర. చిత్తూరు నుంచి చెన్నైకి లోడుతో వెళ్లేసరికి దాదాపు నిండుతుంది. ఛార్జర్‌కు ఇగ్నిషన్ సిగ్నల్ వైరు తప్పక ఇవ్వండి, అప్పుడే తాళం తీసేయగానే అది స్టార్టింగ్ బ్యాటరీని లాగకుండా ఆగిపోతుంది. ఆ వైరు మీద డ్యాష్‌బోర్డ్‌లో ఒక స్విచ్ కూడా పెట్టండి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజిన్ బాగా వేడెక్కుతుంది, బండి మెల్లగా వెళ్తుంది. ఆ కాసేపు ఛార్జింగ్ ఆపితే ఆల్టర్నేటర్‌కు మంచిది.

మూడు రోజులు కదలని వరుసలో ఇదంతా ఆగిపోతుంది. బండి తిరగకపోతే బ్యాటరీ నిండదు. ఆ రోజుల కోసం రెండు దారులున్నాయి. ఒకటి, 29.2 వోల్టుల 40 ఆంపియర్ల లిథియం ఛార్జర్ వెంట ఉంచుకోవడం. లారీ స్టాండులోనో ధాబాలోనో 15 ఆంపియర్ల సాకెట్‌లో పెడితే మూడు గంటల్లో 3200 వాట్ అవర్లు ఎక్కుతాయి. ఆ సాకెట్ యజమానికి అయ్యే కరెంటు నాలుగు యూనిట్లు కూడా దాటదు, అడిగి, డబ్బిచ్చి పెట్టుకోండి. రెండోది, క్యాబిన్ పైన 400 వాట్ల సోలార్ ప్యానెల్. రేకుకు అంటించకుండా 5 సెంటీమీటర్ల సందు వదిలి బిగిస్తే పైకప్పుకు నీడ కూడా అవుతుంది. మన దగ్గర ఎండకు, పడుకోబెట్టిన ప్యానెల్ మీద దుమ్ము, వేడి నష్టాలు పోగా రోజుకు 1400 వాట్ అవర్లు అనుకోవచ్చు. అంటే రాత్రి మూడున్నర గంటల ఏసీ. ప్యానెల్‌కు, బ్యాటరీకి మధ్య ఉండే ఎంపీపీటీ ఛార్జ్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకం లిథియం అని పెట్టడం మరిచిపోవద్దు. లెడ్ యాసిడ్ సెట్టింగ్‌లో ఉండే ఈక్వలైజ్ అనే ఎక్కువ వోల్టేజి లిథియంకు పనికిరాదు.

నాలుగో పని: వైరు, ఫ్యూజు

900 వాట్ల ఏసీ 24 వోల్టుల మీద 37.5 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి ఏసీకి 4 మీటర్లు, పోను రాను 8 మీటర్లు అనుకుందాం. 16 చదరపు మి.మీ. రాగి వైరు వేస్తే మధ్యలో 0.3 వోల్టు మాత్రమే పోతుంది. షాపులో ఇది చాల్లే అని ఇచ్చే 4 చదరపు మి.మీ. వైరు వేస్తే 1.3 వోల్టులు పోతాయి, వైరు వేడెక్కుతుంది, బ్యాటరీ సగం నిండి ఉన్నా ఏసీ తక్కువ వోల్టేజి అని చెప్పి ఆగిపోతుంది. 12 వోల్టుల బండిలో ఇదే ఏసీ 75 ఆంపియర్లు లాగుతుంది, 35 చదరపు మి.మీ. వైరు కావాలి. వైరు బరువును చేత్తో పట్టి చూడండి, ఒక పోగు గీకి చూడండి. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చాలాచోట్ల రాగి పేరుతోనే అమ్ముతారు.

నెగటివ్‌ను ఛాసిస్‌కు ఇచ్చి సరిపెట్టకండి. ప్రత్యేకంగా అంతే లావు నల్ల వైరు బ్యాటరీ దాకా వేయండి. లగ్గులను (వైరు చివర తొడిగే రాగి కొసలను) సుత్తితో కొట్టి బిగించడం, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం ఇక్కడ అస్సలు పనికిరావు. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ ఉన్న షాపులో రాగి లగ్గులు నొక్కించి, హీట్ ష్రింక్ స్లీవు వేయించండి. అరకొరగా బిగిసిన ఒక్క లగ్గు చాలు, అక్కడే వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి 20 సెంటీమీటర్లలోపే ఉండాలి, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న వైరుకు రక్షణే లేదు. 24 వోల్టులకు 16 చదరపు మి.మీ. వైరుపై 60 ఆంపియర్లు, 12 వోల్టులకు 35 మీద 100 ఆంపియర్లు. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా వస్తాయి, అందుకే క్లాస్ టీ రకం ఫ్యూజు దొరికితే అదే వేయండి. ఇంటి మీటర్ బోర్డులోని ఎంసీబీ పెట్టకండి. కరెంటు తెంచేటప్పుడు పుట్టే మెరుపు మంట డీసీలో దానంతట అది ఆరదు, ఎంసీబీ లోపలే కాలిపోతుంది. డీసీ ఛార్జర్‌కు వెళ్లే వైరుకు రెండు చివరలా బ్యాటరీలున్నాయి కాబట్టి రెండు చివరలా 50 ఆంపియర్ల ఫ్యూజులు ఉండాలి. దానికీ 16 చదరపు మి.మీ. వైరే వేస్తే ఒకే చుట్టతో పనైపోతుంది.

బ్యాటరీలో మిగిలింది ఎంతో తెలియడానికి షంట్ (నెగటివ్ వైరులో పెట్టి కరెంటును కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మీటర్ పెట్టండి. లిథియం వోల్టేజి చాలాసేపు ఒకేచోట ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, వోల్టుమీటర్ చూసి అంచనా వేయలేం. ఏసీ, ఛార్జర్, సోలార్ నెగటివ్‌లన్నీ షంట్‌కు బ్యాటరీ లేని వైపునే కలవాలి. ఒక్కటి నేరుగా బ్యాటరీకి కలిసినా మీటర్ అబద్ధం చెబుతుంది.

ఐదో పని: బిగించడం

పైకప్పు కోసి పెట్టే యూనిట్ కంటే, కండెన్సర్‌ను క్యాబిన్ వెనక గోడకు, లోపలి యూనిట్‌ను బెర్త్ పైన పెట్టే స్ప్లిట్ రకం మన లారీలకు నయం. రేకు కోయనక్కర్లేదు, వాన కారదు, బండి ఎత్తు పెరగదు. ముందుకు వంగే టిల్ట్ క్యాబిన్ అయితే పూర్తిగా వంచి చూసి, వైర్లు లాగుడు పడకుండా వదులు ఇచ్చాకే క్లిప్పులు బిగించండి. నీళ్ల పైపు మడత పడకుండా కిందికి దించండి.

బ్యాటరీని క్యాబిన్ వెనక ఛాసిస్ మీద ఇనుప పెట్టెలో పెట్టడమే మేలు. బెర్త్ కింద పెడితే వైరు పొట్టిగా వస్తుంది నిజమే, కానీ ఏదైనా తేడా వస్తే ఆ పొగ నిద్రపోయేవాడి ముక్కు కిందే పుడుతుంది. పెట్టె డీజిల్ ట్యాంకుకు, సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి. బీఎస్ 6 బళ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రపడే సమయంలో పొగగొట్టం విపరీతంగా వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీ 45 డిగ్రీలు దాటితే ఛార్జింగ్‌కు ఇష్టపడదు, బీఎంఎస్ ఆపేస్తుంది కూడా. 40 × 40 × 5 మి.మీ. యాంగిల్‌తో ఫ్రేమ్ చేయించి, అడుగున రబ్బరు ప్యాడ్ వేసి, పైనుంచి పట్టీతో బిగించండి. ఛాసిస్ నిలువు భాగంలో ఉన్న రంధ్రాలనే వాడాలి, పైకింది అంచుల్లో కొత్త రంధ్రం వేస్తే అక్కడే పగులు మొదలవుతుంది. వెల్డింగ్ అవసరమైతే ముందు రెండు బ్యాటరీలూ విప్పి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కనెక్టర్ తీసేయండి.

అన్నీ అయ్యాకే, చిట్టచివర్లో ఫ్యూజు పెట్టండి.

పెట్రోలు, డీజిల్, గ్యాస్ ట్యాంకర్లకు ఈ పని అసలు చేయకండి. మిగిలిన బళ్లకూ బండి ఎత్తు, రూపం మారే పని అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కోండి.

ఆరో పని: మొదటి రాత్రి చూడాల్సినవి

ఏసీ తక్కువ వోల్టేజి కటాఫ్‌ను 24 వోల్టులకు పెట్టండి, 12 వోల్టుల బండికి 12. కొత్త యూనిట్లు చాలావరకు 22 వోల్టుల దగ్గర పెట్టి వస్తాయి, దాన్ని అలాగే వదిలేస్తే లిథియం బ్యాటరీని ప్రతి రాత్రీ అడుగు దాకా గీకేస్తుంది. ఏసీ వేసే ముందు ఐదు నిమిషాలు రెండు తలుపులూ తెరిచి వేడి గాలి పోనివ్వండి. 26 డిగ్రీలు పెట్టండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. ఈ ఏసీ బయటి గాలి తీసుకోదు కాబట్టి, నీడ ఉన్న వైపు అద్దం ఒక వేలు సందు తెరిచి పడుకోండి. పక్కబండి ఇంజిన్ నడుస్తుంటే సందు మూసి ఊరుకోవడం కాదు, దాని డ్రైవరును లేపి ఇంజిన్ ఆపించండి.

ఏసీ పూర్తి వేగంలో ఉన్నప్పుడు, అరగంట తర్వాత, ప్రతి లగ్గునూ ఫ్యూజు హోల్డర్‌నూ జాగ్రత్తగా వేలితో తాకండి. వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నచోట బిగింపు సరిగ్గా లేదు. ఏసీ నడుస్తుండగానే బ్యాటరీ దగ్గర ఒకసారి, ఏసీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో వైరు సన్నం, లేదా లగ్గు వదులు. బ్యాటరీ నిండుగా ఉండగానే పది నిమిషాలకు ఏసీ ఆగిపోతోందన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే, బ్యాటరీని తిట్టకండి.

మధ్యాహ్నం మాత్రమే ఆగిపోతుంటే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము చూడండి. క్వారీ, ఇటుక బట్టీల దారిలో తిరిగే బండికి వారానికోసారి మెల్లని నీళ్ల ధారతో కడగాలి, సర్వీస్ స్టేషన్ ప్రెషర్ గన్‌తో కొడితే రెక్కలు వంగిపోతాయి. లోపల నీళ్లు కారుతుంటే పైపు మడత పడింది, లేదా బండి వాలులో నిలబడింది. గాలి తగ్గి పైపు మీద మంచు పేరుకుంటే బ్లోయర్ వేగం పెంచి ఫిల్టర్ కడగండి. రోజంతా తిరిగినా బ్యాటరీ నిండకపోతే ఇంజిన్ నడుస్తుండగా డీసీ ఛార్జర్ ఇన్‌పుట్ దగ్గర వోల్టేజి కొలవండి. ఆల్టర్నేటర్ దగ్గర 28 ఉండి అక్కడ 26 ఉంటే ఇన్‌పుట్ వైరు చాలడం లేదు. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర సున్నా చూపిస్తే అది చచ్చిపోయిందని పారేయకండి. బీఎంఎస్ కాపాడుకోవడానికి కట్ చేసి ఉంటుంది, లిథియం ఛార్జర్ తగిలిస్తే చాలాసార్లు మేలుకుంటుంది.

సీజన్ అయిపోయి బండికి ఏసీ అవసరం లేని నెలల్లో బ్యాటరీని సగం నింపి, ఫ్యూజు తీసి ఉంచండి. రెండు నెలలకోసారి మీటర్ చూసి, తగ్గితే మళ్లీ సగానికి నింపండి.